సగం మాటల పెట్టె

పెట్టె మళ్ళీ ఆరిపోయింది. సరిగ్గా మాట మధ్యలో.

"పైపు గురించి చెప్తాను. మొత్తం విన్నాకే ఎవరైనా నోరు విప్పండి. నాకు..." అన్నంతవరకు ఆడగొంతు గదిలో స్పష్టంగా వినిపించింది. అంతలో తెర నల్లబడింది. ముఖానికి బిగించిన మాస్కులో గాలి వచ్చిపోయే బుసబుస ఒక్కటే మిగిలింది.

మాట్లాడుతున్నది మగమనిషే. మంచం మీద ఉన్నాడు. ఒకప్పుడు బస్సు డ్రైవరు. నరాల జబ్బు ముందు చేతులు పట్టుకుంది, తర్వాత కాళ్ళు, ఆ తర్వాత నాలుక. ఇప్పుడు అతని మాట వినేవి రెండు కళ్ళు మాత్రమే. తెర కింద బిగించిన చిన్న కెమెరా ఆ కళ్ళు ఏ అక్షరం మీద ఆగాయో పసిగడుతుంది. తెర వెనక అలమరలో ఉన్న మినీ పీసీ ఆ అక్షరాలను కూడబలికి పైకి చదువుతుంది. దాంట్లో తెలుగు చదివే గొంతు ఒక్కటే ఉంది, అది ఆడగొంతు. "అన్నయ్య మాట్లాడుతుంటే బస్టాండులో ప్లాట్‌ఫారం నంబరు చెప్తున్నట్టుంది" అని తమ్ముడు మొదటిరోజే ఏడిపించాడు. "అలాగైనా నా మాట విని బస్సెక్కుతావేమో" అని అదే గొంతుతో జవాబొచ్చింది.

అవి నవ్వుకున్న రోజులు. ఇప్పుడు మంచం పక్కన డాక్టరమ్మ నిలబడి ఉంది, ఆమె ముఖంలో నవ్వు లేదు.

మాస్కు చాలడం లేదని ఆవిడ అప్పటికే చెప్పేసింది. గొంతులో రంధ్రం చేసి పైపు వేసి ఊపిరి మిషనుకు కలపాలి. లేదా కలపకుండా, బాధ తెలియకుండా మందులిచ్చి, జరిగేది జరగనివ్వాలి. రెంటిలో ఏదన్నది రోగి చెప్పాలి. పెట్టె ఆరిపోయింది కాబట్టి ఆవిడ మంచం మీదకు వంగి పాత పద్ధతిలో అడిగింది. ఔనంటే కళ్ళు పైకి, కాదంటే కిందికి.

"పైపు వేయమంటారా?"

కళ్ళు పైకి లేచాయి.

మంచం కాళ్ళ దగ్గర నిలబడ్డ భార్య గుండె ఒక్కసారి తేలికపడింది. డాక్టరమ్మ మాత్రం ఆగలేదు. సరిచూసుకోవడానికి తిప్పి అడిగింది.

"పైపు వద్దంటారా?"

కళ్ళు మళ్ళీ పైకే లేచాయి.

ఇంకోసారి అడిగింది. రెండింటికీ ఔననే. డాక్టరమ్మ భార్యను వసారాలోకి పిలిచి గొంతు తగ్గించి చెప్పింది. ఊపిరి సరిగా బయటికి పోకపోతే చెడుగాలి ఒంట్లోనే నిలిచిపోతుందట, అది మనసును మసకబారుస్తుందట. ఆయనకు ప్రశ్న అర్థం కావడం లేదేమోనని ఆవిడ అనుమానం. అదే నిజమైతే, ఆయన ఇంతకుముందు బాగున్నప్పుడు ఏమన్నాడో దాని ప్రకారం వెళ్ళాలి.

బాగున్నప్పుడు ఏమన్నాడో చెప్పే మనిషి వసారాలోనే కూర్చుని ఉంది. డ్రైవరుకి అక్క. చిన్నప్పుడు అతన్ని చంకనేసుకుని పెంచిన మనిషి.

"నాలుక తిరుగుతున్నప్పుడే నాతో అన్నాడు, డాక్టరుగారూ. గొంతుకి చిల్లు పెట్టి నన్ను బతికించకండి అక్కా అని. నా చెయ్యి పట్టుకుని అన్నాడు."

అబద్ధం కాదు. ఆ మాట అన్నప్పుడు భార్య కూడా తలుపు అవతల ఉంది, విన్నది. అందుకే ఇప్పుడు కాదనలేకపోయింది. కాని మనసు మసకబారిన మనిషి "మొత్తం విన్నాకే ఎవరైనా నోరు విప్పండి" అంటాడా? ఆ మాట డాక్టరమ్మతో అంది. ఆవిడ తల ఊపింది.

"నాకూ అదే ఆశమ్మా. కాని సగం మాటతో నేనేం చెయ్యను? రేపు మధ్యాహ్నం వస్తాను. అంతకు మించి ఆయన ఊపిరి నిలిచేలా లేదు. పూర్తి వాక్యం ఒక్కటి ఆయనంతట ఆయన చెప్పేలా చూడండి."

డాక్టరమ్మ కారు వీధి మలుపులో కీచుమని ఆగి, తిరిగి వెళ్ళిపోయింది.

*

ఆ వీధిలో డ్రైవరు భార్యను అందరూ కవర్లమ్మ అంటారు. ముందు గదిలో కుట్టు మిషను పెట్టుకుని జాకెట్లు, గౌన్లు కుడుతుంది. మిగిలిన ముక్కల్ని పారెయ్యదు. టీవీకి కవరు, మిక్సీకి కవరు, రిమోటుకి కవరు, ఫ్రిజ్జు పిడికి కవరు. గ్యాసు సిలిండరుకి కూడా కుచ్చుల గౌను ఒకటి కుట్టింది. "నేను కదలకుండా పడుకున్నాను కదా, జాగ్రత్త. నాకూ బొత్తాలు పెట్టేస్తుంది" అని భర్త పెట్టెలోంచి అన్న రోజు ఇల్లంతా పగలబడి నవ్వింది.

ఆ పెట్టెను కొన్నది మరిది. ఆసుపత్రివాళ్ళు కొన్నాళ్ళు వాడుకోమని ఇచ్చిన ల్యాప్‌టాప్ వెనక్కి ఇచ్చేయాల్సి వచ్చింది. కొత్తది కొనడానికి చేతిలో ఉన్నది అంతంతమాత్రం. మరిది ఆన్‌లైన్‌లో గాలించి గాలించి అందరికంటే చవకైన మినీ పీసీ పట్టుకొచ్చాడు. అరచేతిలో ఇమిడిపోయింది. నల్లటి రేకు పెట్టె, పక్కల సన్నటి చీలికలు, ముందు ఒక మీట. ఇదేం కంప్యూటరు, సబ్బు పెట్టెలా ఉంది అని వదిన మూతి విరిచింది. కాని కెమెరా కలపగానే పనిచేసింది. కళ్ళతో మాట్లాడే ప్రోగ్రాం దాంట్లోకి ఎక్కించారు. ఆ ప్రోగ్రాం ఏ కంప్యూటరులో ఎక్కిస్తే దానికే కట్టుబడి ఉంటుంది, ఇంకోదానికి మార్చాలంటే కంపెనీకి రాసి, వాళ్ళు సరేనన్నదాకా ఎదురుచూడాలి.

కొన్ని వారాలు పెట్టె బంగారంలా నడిచింది. తర్వాత ఎప్పుడో ఒకసారి ఉన్నట్టుండి ఆరిపోయింది. కాసేపాగి మీట నొక్కితే వచ్చింది. మర్నాడు మళ్ళీ. ఆమె దాన్ని సంచిలో పెట్టుకుని రిపేరు షాపుకి పట్టుకెళ్ళింది. షాపతను మూత విప్పి, గాలి కొట్టి, బల్ల మీద పెట్టి నడిపించాడు. ఎంతసేపు నడిపినా ఆగలేదు. "దుమ్మమ్మా. చిన్న పెట్టెలు దుమ్ముకి తట్టుకోవు. దుమ్ము పడకుండా చూసుకో" అని ఇచ్చేశాడు.

ఇంటికొచ్చాక రెండు రోజులు బాగుంది. మూడో రోజు నుంచి మళ్ళీ అదే రోగం. ఈసారి ఇంకా తొందరగా.

చవకబేరం తెస్తే ఇంతే అని ఆమె మరిది మీద విరుచుకుపడింది. ఖరీదైనది తెస్తే ఎక్కణ్ణుంచి తెచ్చావని అడిగేదానివి వదినా అని అతనన్నాడు. ఇద్దరూ మంచం మీద మనిషి వింటున్నాడని గుర్తొచ్చి ఆగారు.

*

డాక్టరమ్మ వెళ్ళిన ఆ సాయంత్రం షాపు తెరవగానే ఆమె మళ్ళీ గుమ్మంలో నిలబడింది. పెట్టెను ఇంట్లోనే విప్పి, తుడిచి, సంచిలో పెట్టి తెచ్చింది. షాపతను దాన్ని తెరకు కలిపి సినిమా పాటలు పెట్టాడు. పాట తర్వాత పాట నడిచింది. ఆమె స్టూలు మీద కూర్చుని ఆ నల్ల పెట్టెనే చూసింది. ఆగిపో, ఇక్కడ ఒక్కసారి ఆగిపో, నీ రోగమేంటో అతనికి చూపించు అని మనసులో బతిమాలింది. అది ఆగలేదు. కళ్ళ కెమెరా లేకుండా చూస్తే ఏం లాభం అని ఆమె అంటే, షాపతను తన కెమెరా ఒకటి కలిపి కూడా చూపించాడు. నడిచింది.

"దీంట్లో లోపం లేదమ్మా. మీ ఇంట్లో కరెంటు సరిగా లేదేమో" అన్నాడు.

మరిది ఆ రాత్రికి రాత్రే ఇంకో ప్లగ్గు నుంచి వైరు లాగాడు. అడాప్టరు మార్చాడు. పెట్టె వచ్చింది. డ్రైవరు కళ్ళు అక్షరాల మీద పరుగు మొదలుపెట్టాయి. రెండు మాటలు అయ్యాయో లేదో, ఆరిపోయింది. అతని కళ్ళలో నీళ్ళు నిండి చెంపల మీదికి జారాయి. తుడుచుకోలేడు. ఆమె తుడిచింది. ఆ తడి ఆరేదాకా కెమెరా అతని చూపును పట్టుకోదు, అందుకే ఏడవడానికి కూడా వీల్లేదు అతనికి.

తెల్లారాక ఆమె అట్టముక్క మీద అక్షరాలు రాసి ఒక్కొక్కటే వేలితో చూపించడం మొదలుపెట్టింది. కావలసిన అక్షరం రాగానే కళ్ళు పైకెత్తాలి. తర్వాత గుణింతం. ఒక్క పదం పూర్తయ్యేసరికి అతని రెప్పలు వాలిపోతున్నాయి. "ఉన్నంత" అన్న మాట ఒక్కటి వచ్చింది. వెనకనే నిలబడి చూస్తున్న ఆడపడుచు అప్పుడు మాట్లాడింది. గొంతులో కోపం లేదు, అది ఇంకా నొప్పి పెట్టింది.

"అమ్మాయ్, వేలు నీది. ఎక్కడ ఆపాలో నీకు తెలుసు. రేపు ఎవరైనా అడిగితే, వాడు చెప్పాడంటావా, నువ్వు చెప్పించావంటావా?"

ఆమె వేలు అట్ట మీద అలాగే ఆగిపోయింది. నిజం చెప్పాలంటే ఆమెకు తన మీద తనకే నమ్మకం లేదు. అతను ఉండాలి. ఎలాగైనా సరే, కళ్ళు మాత్రమే అయినా సరే, ఆ మంచం మీద ఉండాలి. ఆ కోరిక వేలి కొసదాకా వచ్చి కూర్చుంది. దాని మాట ఏది, అతని మాట ఏది? అట్టముక్కను పరుపు కింద పెట్టేసింది.

ఇక మిగిలింది పెట్టె ఒక్కటే.

*

ఆ మధ్యాహ్నం డాక్టరమ్మ వచ్చే వేళకు సిద్ధంగా ఉండాలని ఆమె పెట్టెను ముందే ఆన్ చేసి ఉంచింది. ఆవిడ రావడం ఆలస్యమైంది. వీధిలో కారు కీచుమన్నప్పుడు తెర వెలుగుతూనే ఉంది. అలమర లోపలినుంచి సన్నగా గుయ్యిమనే చప్పుడు వస్తోంది, దోమ చెవి దగ్గర తిరిగినట్టు.

డ్రైవరు రాత్రికి రాత్రి నీరసించిపోయాడు. మెడ దగ్గర కండ ప్రతి ఊపిరికీ లోపలికి గుంజుకుంటోంది. డాక్టరమ్మ వేలికి క్లిప్పు పెట్టి చూసింది, పెదవి బిగించింది. మాట్లాడండి అని అతనికి సైగ చేసింది.

"నాకు మతి పోలేదు. రెండింటికీ ఔనని ఎందుకన్నానంటే..."

తెర నల్లబడింది.

మరిది మీట నొక్కాడు. పెట్టె రాలేదు. మళ్ళీ నొక్కాడు. ఆడపడుచు డ్రైవరు తల మీద చెయ్యి వేసి కళ్ళు మూసుకుంది. డాక్టరమ్మ బ్యాగు జిప్పు మూసింది. మసక అనిపించడం లేదు నాకు, కాని మాట పూర్తి కాలేదు, పూర్తికాని మాట పట్టుకుని గొంతు కోయలేను అంది. ఆసుపత్రిలో కంప్యూటర్లు చూసే మనిషి ఉన్నాడట, కావాలంటే పెట్టెను ఇవ్వండి, చూపిస్తాను అంది. అప్పటికి ఆలస్యమవుతుందని ఆవిడకూ తెలుసు. ఏదో ఒకటి చెయ్యాలి కాబట్టి అంది.

కవర్లమ్మ అలమర దగ్గరకు నడిచింది. ఇతరుల చేతికి ఏదిచ్చినా కవరుతో ఇవ్వదు. మాసిపోతుందని. ఆ కంగారులో కూడా చేతులు వాటి అలవాటు ప్రకారం పెట్టె కవరు బొత్తాలు వెతుక్కున్నాయి. తెల్లటి మందపు గుడ్డ, లోపల పలచటి స్పాంజి అస్తరు, వైర్లకు కొలిచి కత్తిరించిన కాజాలు. దుమ్ము పడకుండా చూసుకొమ్మని షాపతను చెప్పాక దాని మీద రెండో పొర కూడా కుట్టింది. ఒక్క చీలిక కూడా బయటికి కనిపించకుండా.

మూడో బొత్తం విప్పి వేళ్ళు లోపలికి పెట్టింది. చురుక్కుమంది.

చెయ్యి వెనక్కి లాక్కుంది. వేళ్ళ కొసలు ఎర్రబడ్డాయి. ఆ వేడి ఆమెకు కొత్తది కాదు. ఇస్త్రీ పెట్టె పక్కన బతుకంతా గడిపిన మనిషి. గుడ్డ కాలడానికి ముందు ఎంత వేడి ఉంటుందో వేళ్ళకే తెలుసు. కాని ఈ పెట్టె ఆమె చేతికి ఎప్పుడూ చల్లగానే వచ్చింది. ఆరిపోయిన వెంటనే ఆమె అతని దగ్గరకు పరుగెత్తేది. సాయంత్రం షాపు తెరిచే వేళకు తీరిగ్గా కవరు విప్పేది. షాపులో అది ఒంటి మీద ఏమీ లేకుండా, గాలి పీల్చుకుంటూ, పాటలు పాడేది. ఇంటికి రాగానే మళ్ళీ తొడిగి, బొత్తాలు పెట్టేది.

ఆమె మిగిలిన బొత్తాలు పీకి కవరు లాగేసింది.

"నేనే" అంది. "దాన్ని చంపుతున్నది నేనే."

మరిది కవరు తిరగేసి చూశాడు, పెట్టె చీలికలు చూశాడు. తిట్టడానికి నోరు తెరిచి, వదిన ముఖం చూసి మూసుకున్నాడు. పరుగున వెళ్ళి టేబుల్ ఫ్యాను తెచ్చి పెట్టెకు ఎదురుగా పెట్టాడు.

డాక్టరమ్మ బ్యాగు భుజాన వేసుకుని గుమ్మం వైపు కదిలింది. ఆవిడకు ఇంకో ఇంట్లో ఇంకో మంచం ఉంది. కవర్లమ్మ వెళ్ళి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. తన జీవితంలో ఎవరికీ అలా అడ్డం నిలబడలేదు.

"ఇస్త్రీ పెట్టె చల్లారేంతసేపు కూర్చోండి మేడమ్. నాకు తెలుసు అదెంతసేపో. అప్పటికీ రాకపోతే మీరు చెప్పిందే వింటాను. ఇక నేను అడ్డం రాను."

డాక్టరమ్మ ఆమె ఎర్రబడిన వేళ్ళ వైపు చూసింది. బ్యాగు దించి కుట్టు మిషను ముందున్న స్టూలు లాక్కుని కూర్చుంది.

ఫ్యాను తిరిగింది. ఆమె మధ్యమధ్యలో ముంజేతి వెనక భాగం పెట్టెకు ఆనించి చూసింది, జ్వరం చూసినట్టు. డ్రైవరు కళ్ళు ఆమె మీదే ఉన్నాయి. మెడ దగ్గర గుంజుడు ఎక్కువైంది. మరిది రెండుసార్లు మీట మీద వేలు పెట్టబోయాడు, రెండుసార్లూ ఆమె వద్దంది.

చివరికి ఆమే నొక్కింది.

తెర వెలిగింది. కెమెరా ఎర్రగా కళ్ళు తెరిచింది. అక్షరాలు వచ్చాయి. అతని చూపు వాటి మీద నెమ్మదిగా నడిచింది. గదిలో అందరూ తెర వైపు కాకుండా పెట్టె వైపు చూస్తున్నారు.

"దానికీ ఊపిరాడలేదన్నమాట" అంది ఆడగొంతు.

డాక్టరమ్మ నవ్వింది. ఆ ఇంట్లో ఆవిడ నవ్వడం అదే మొదటిసారి. నవ్వు ఆపుకుని, మనసు తేటగా ఉందా అని చూడటానికి తానెవరో, ఎందుకొచ్చిందో చెప్పమంది.

"డాక్టరు. గొంతు కొయ్యాలా వద్దా అడగడానికొచ్చారు. మీ కారు బ్రేకులు అరుస్తున్నాయి. నిన్న కూడా అరిచాయి. ముందు అవి చూపించుకోండి."

పెట్టె ఆగలేదు. ఆమె దాని పక్కనే నిలబడి చీలికల్లోంచి వచ్చే వెచ్చటి గాలిని అరచేతికి తగలనిస్తోంది. ఆ గాలి వస్తున్నంతసేపు అతని మాట వస్తుంది. ఇప్పుడు ఆమెకు తెలుసు.

తర్వాతి మాటలు నెమ్మదిగా వచ్చాయి. మధ్యలో అతని రెప్పలు వాలాయి. ఆగాడు. మళ్ళీ మొదలుపెట్టాడు. ఎవరూ అతని మాట అందుకోలేదు.

"అక్కా, నీతో అన్నది నిజమే. అప్పటికి ఈ పెట్టె లేదు. మాట లేకుండా గొట్టంతో పడి ఉండటం నాకొద్దు. మాట ఉన్నంతకాలం పైపు ఉండనివ్వండి. కళ్ళు కూడా ఆగిపోయి, ఎవరితోనూ మాట్లాడలేని రోజు వస్తుంది. ఆ రోజు తీసేయండి. ఏడుస్తూ కూర్చోకుండా తీసేయండి. అందుకే రెండింటికీ ఔనన్నాను."

డాక్టరమ్మ ఇంకోసారి అడిగింది, ఆవిడ పని అది. ఉన్న మాట పోయిన రోజు తీసేయాలి, అంతవరకు ఉంచాలి, అంతేనా? కళ్ళు పైకి లేచాయి. అది కాక ఇంకేమైనా ఉందా? కళ్ళు కిందికి దిగాయి.

ఆడపడుచు తమ్ముడి పాదాలు రెండూ ఒడిలోకి తీసుకుని అలాగే కూర్చుండిపోయింది. "ముందే చెప్పొచ్చు కదరా" అని మాత్రం అంది. ముందే చెప్పబోయాడని, చెప్పబోయిన ప్రతిసారీ నోరు మూతపడిందని ఆమెకు తెలియక కాదు.

డాక్టరమ్మ ఫోను తీసి అంబులెన్సు పంపమంది, పైపు వేయడానికి థియేటరు సిద్ధం చెయ్యమంది. ఆవిడ వసారాలో మాట్లాడుతుంటే, భార్య మంచం దగ్గరకు వచ్చి అతని చెవి దగ్గర వంగింది. ఇన్నాళ్ళ భయం ఒక్క ప్రశ్నగా బయటికొచ్చింది.

"మరి ఈ పెట్టె పాడైపోతే?"

కళ్ళు తెర మీదికి తిరిగాయి.

"కొత్తది కొను. వాడి చేత కొనిపించకు. కవరు కుట్టకు."

మరిది ముఖం తిప్పుకుని గోడవైపు నిలబడ్డాడు. అతని భుజాలు కదులుతున్నాయి. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియలేదు.

అంబులెన్సులో స్ట్రెచరు పక్కన ఆమెకు కూర్చోవడానికి కాస్త చోటు దొరికింది. పెట్టెను సంచిలో పెట్టలేదు. కొంగు కూడా కప్పలేదు. ఆగి ఉన్నదాన్ని ఎలా పెట్టుకున్నా ఫర్వాలేదని మరిది చెప్పాడు, ఆమె వినలేదు. ఒళ్ళో పెట్టుకుని, చీలికలు మూతపడకుండా రెండు వేళ్ళ కొసలతో అంచులు మాత్రమే పట్టుకుంది. బండి గుంతలో పడ్డప్పుడల్లా ఒకసారి పెట్టెను చూసింది, ఒకసారి అతని కళ్ళను చూసింది. అతను ఆమెనే చూస్తున్నాడు.